పులుసుకు పెట్టిన వంక

లబాసా ఏరు పొంగి చెరుకంతా కొట్టుకుపోయిన ఏడు అది. వునిమోలి చెరుకుతోటలో, ఓడలెక్కి పరదేశం వచ్చిన కూలీల వరస గదుల లైన్లో, దీపాల వేళ, కిష్టయ్య అన్నం తింటున్నాడు. పోలమ్మ మూట సర్దుకుంటోంది.

"పులుసులో చింతపండు ఎక్కువైంది."

"తెలుసు. అంటావని తెలుసు. నిన్న ఉప్పు. మొన్న అన్నం చిమిడింది. రేపట్నించి ఎవరికి పెడతావయ్యా వంకలు?"

"నీ చెల్లెలి పురుడు కాగానే వస్తావుగా."

"నవాకా ఏమన్నా పక్కనుందా? సముద్రం దాటాలి. నా గిర్మిట్ ఒప్పందం కూడా తీరిపోయింది. మళ్లీ దేనికి రావాలి? ఒక్కనాడు, ఒక్కనాడైనా బాగుందన్నావా?"

"కూర... కూర కూడా కొంచెం..."

"ఆపు! ఎవరు నేర్పారయ్యా నీకీ వంకలు?"

"మా అమ్మ."

"ఆవిడా ఇట్లాగే సాధించేదా?"

"సాధించడం కాదే. పున్నమి చంద్రుణ్ని రాహువు పడతాడు. నెలవంకని పట్టడు. వంకుంది గనక. వంక పెట్టడమన్న మాట అక్కణ్ణించే వచ్చిందనేది. నిండుగా ఉన్నదేదైనా సరే, ఓ వంక పెట్టి వదులు, దిష్టి తగలదు అనేది. నన్ను చచ్చేదాకా నల్లకాకీ అనే పిలిచింది."

"మరి నువ్వెప్పుడూ ఎవర్నీ మెచ్చుకోలేదా?"

"నీళ్లియ్యి."

"అడుగుతున్నానయ్యా."

"ఒకసారి. నువ్వు నాకు తెలియకముందు, ఇక్కడికొచ్చే ఓడ మీద. నా కూతురు. ఎంత బాగా ఆడుతోందో చూడండర్రా అని అందర్నీ పిలిచి చూపించాను. సువా రేవు రాకముందే జ్వరం. నీళ్లలో వదిలారు."

"ఇన్నాళ్లూ చెప్పలేదే."

"పులుసు ఇంకా ఉందా?"

"చింతపండు ఎక్కువైందన్నావుగా."

"ఎక్కువే. వెయ్యి."

మర్నాడు పొద్దున, రేవులో. బండి తోలుకొచ్చిన మునియ్య కూడా ఉన్నాడు.

"మాలక్ష్మిలా ఉంది చెల్లెమ్మ! ఏం కిష్టయ్యా, అవునా కాదా?"

"నీ నోరు పడ, మునియ్యా! ఆ కొప్పు చూడు, పిట్టగూడు. మూట కట్టడం రాదు. నడకా, బాతు నడక."

"అదేం మాటయ్యా, సముద్రం మీద పోయే మనిషిని!"

"అననీ అన్నా. ఇంకా అననీ."

"పడవ కదుల్తోంది. ఎక్కు, పోలమ్మా."

"ఎక్కానులే. ఏమయ్యా! ఇటు చూడు! నీ తలపాగా వంకరగా ఉంది!"

"అవును కిష్టయ్యా, పక్కకి జారింది. ఉండు, సరిచేస్తాను."

"ముట్టుకోకు మునియ్యా. అది వచ్చేదాకా అట్లాగే ఉండనీ."