ఆ ఫొటో తీసిందెవరు?

పోలీసు స్టేషన్‌లో సి.ఐ. గది. ఆయనకు ఎదురుగా విలేకరి నయీం. పొద్దున్నుంచీ అదే కుర్చీ.

“మళ్లీ అడుగుతాండా. రంగనాయకులు విత్తనాల గోడౌన్‌లో, మీ పేపర్లో వచ్చిన ఆ ఫొటో తీసిందెవరు?”

“ఎన్నిసార్లడిగినా పేరు చెప్పను సార్.”

“చెప్పవు! పేద్ద విలేకరి. నీకు జీతం గూడా ఇయ్యరు గదప్పా?”

“ఇయ్యకున్నా వార్త నిజమే. పప్పుమిల్లు శెనగలు సబ్సిడీ విత్తనాల సంచుల్లో నింపి అమ్మినాడు. పెద్దముడియం రైతులు విత్తితే మొలకే రాలేదు. పిలిచి ఆయప్పను అడగండి.”

“ఎవర్ని పిలవాల్నో నువ్వు చెప్తావా? ఆయప్పే నీమింద కేసు పెట్టినాడు. దొంగ ఫొటో అని.”

“దొంగదైతే, తీసినోణ్ని ఎందుకెతుకుతాండారు?”

“నోరు… నోరు తగ్గించు. వకీలుకు చెప్పుకున్నది ఎవురూ అడగకూడదు, దానికి చట్టముంది. నీకేముంది? ఏ చట్టంలో రాసినారో చూపించు.”

“లేదు సార్.”

“లేదు గదా!”

“మాటిచ్చినా. పేరు బయటికి రానీనని.”

“మాటంట! కూరాకు కట్టకుండే విలువ లేదు దానికి.”

“మీకు లేదేమో. ఆ మనిషికి పెండ్లాం బిడ్డలుండారు. పేరు తెలిస్తే రంగనాయకులు మనుషులు బతకనిస్తారా?”

“జైలుకు పోతావు.”

“పోతా.”

“నీ పెండ్లాం దిల్షాద్‌బీ బయట ఏడుస్తాండాది.”

“ఏడవనీ. రేపు ఆ మనిషి పెండ్లాం ఏడ్చేదానికన్నా మేలే.”

“అబ్బో! సరే, లెయ్. ఇంటికి పో.”

“పోవల్నా? పేరు… పేరు వద్దా?”

“షాహులే గదా? గోడౌన్ వాచ్‌మన్.”

“ఎవరు… ఎవరు చెప్పినారు?”

“ప్రొద్దుటూరు నుంచి మీ ఎడిటరు. పత్రిక మీదికి కేసు రాకుంటే చాలంట. పొద్దున్నే ఫోన్‌లో చెప్పేసినాడు.”

“వార్త అచ్చెయ్యాలంటే పేరు కావాలన్నాడు. ఆయనకొక్కనికే చెప్పినా సార్!”

“ఆయనకు నీ మాట కూరాకంత గూడా కాలేదు.”

“అన్నీ తెలిసి నన్నెందుకు కూర్చోబెట్టినారు?”

“షాహుల్‌ను పక్క గదిలో పెట్టినాం. ‘నయీం చెప్పడు, నయీం చెప్పడు’ అంటానే ఉన్నాడు. నువ్వు ఈడ కూర్చోనుండేది కిటికీలోంచి చూపించి, నువ్వే పేరు చెప్పేసినావని చెప్పినా. ఇంగ, తనకు దుడ్లిచ్చి ఆ దొంగ ఫొటో నువ్వే తీయించినావని సంతకం పెట్టి పాయె.”