వెండికోట కావలోడు

(ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బొగ్గు ఆగిపోవడంతో కరెంటు కూడా ఆగిపోయింది. భూపాలపల్లిలో బొగ్గు బాయి కార్మికుల క్వార్టర్లు, పొద్దున పూట. యోసేపు వెనక తలుపు నుంచి వచ్చి, అక్క సాలమ్మ వంటింట్లో కూర్చున్నాడు.)

"అగ్గిగుండంల దుంకుతడట, దుంకి మంచోడయితడట. ఎవడు చెప్పిండ్రా తమ్మీ నీకు?"

"అందరు అంటున్రు అక్కా. బోరింగు కాడ, చాయ్ హోటల్ కాడ. వెండికోట సీరియల్ ఆఖరి భాగం గట్లనే ఉంటదట. మొన్నటి సంది కరెంటు లేదు గదా, ఎవరు చూడలే. అందరు లెక్కలు కడ్తున్రు."

"నీతోటి ఎవరు మాట్లాడుతలేరు. నీకెవరు చెప్పిన్రు?"

"దూరంగ నిలబడి ఇంటున్న. చెవులైతె ఉన్నయి గదా."

"ఇని ఏం నేర్సుకున్నవ్?"

"గదే. గండయ్య ఉన్నడు గదా, కోట కావలోడు..."

"ఉన్నడు. మాయరాణికి తలుపు తీసి, కోటల జనాన్నంత రాళ్లు చేపిచ్చిన ఎదవ."

"వాడే. వాడు గుండంల దుంకి బూడిదయితె, రాళ్లన్ని మల్ల మనుషులైతరు. యువరాణి ఏడుస్తది. అప్పుడు తెలుస్తది అందరికి, వాడు చెడ్డోడు కాదని."

"ఆహా. మస్తుగున్నది. నేనొకటి అడుగుత చెప్పు. ఆ సీరియల్ల రాజు ఎట్ల మాట్లాడ్తడు?"

"పుస్తకం తీరు."

"యువరాణి?"

"ఆమె గూడ గట్లనే."

"గండయ్య?"

"మన తీరు."

"ఎందుకట?"

"ఎందుకంటె... నవ్వొస్తదని."

"మూడేండ్ల సంది వాడు నోరు తెరిస్తె నవ్విన్రు. ఇప్పుడు వాడు సస్తె మంచోడంటరు. మనోడు మంచోడు గావాల్నంటె సావాల్నారా? బతికి మంచోడయ్యే కథ రాయనీకి వాళ్ల కాడ సిరా లేదా?"

"నువ్వు అన్నిట్ల ఏదో ఒకటి తీస్తవక్కా. కథ అది."

"నీకు కథనే గావాలె, పొద్దుగాల పొద్దుగాల ఎనుక తలుపు కొట్టి."

"ఇంకో లెక్క గూడ ఉన్నది. టైలర్ కిష్టయ్య అంటడు, గండయ్య కావాల్నని తలుపు తీయలేదట. కోటల బాయి పొంగుతున్నది, తలుపు తీస్తెనే నీళ్లు పోతయని మాయరాణి నమ్మిచ్చిందట. కోటను కాపాడుతున్న అనుకొనే తీసిండట."

"సాకు."

"సాకు గాదక్కా, కారణం."

"నీ పంపు అసొంటి కారణం."

"...పంపు ముచ్చట ఎందుకిప్పుడు?"

"నువ్వే తెచ్చినవ్. బాయిల నీళ్లు నిండుతయి, పంపు నడపకపోతె బాయే మునుగుతది అని పోయినవ్. పంపు నడిపెటోళ్లను సమ్మెల గూడ పోనిస్తరు. ఎవరన్న తప్పన్నరా? అనలే. పంపు కాడికి పోయినోడివి బొగ్గు మోసే బెల్టు ఎందుకు నడిపినవ్?"

"ఆఫీసరు జర నడుపు అన్నడు. బెల్టు మీద బొగ్గు గట్లనే ఉంటె మంట పుడ్తదన్నడు."

"అన్నడు, నడిపినవ్. సరే. ఫోటో ఎందుకు దిగినవ్?"

"దిగలేదక్కా, పేపరోడే తీసిండు."

"నవ్వినవ్."

"...ఫోటో తీస్తుంటె నవ్వుతం గదా. ఎప్పుడు తీసినా నవ్వుతం. అలవాటుల చెయ్యి గూడ ఊపిన."

"తెల్లారి పేపర్ల, సమ్మె ఇగిరిపోతున్నది, కార్మికులు సంతోషంగ పనికొస్తున్రని. నీ పండ్లు ముప్పై రెండు కనవడ్డయి. టెంటు కింద ఉపాసముండి కూసున్నోళ్లు ఆ పేపర్ చూసిన్రు. పక్కింటి మార్తవ్వ కొడుకు లింగన్న లాఠీ దెబ్బ తిని పండుకొని చూసిండు."

"తెలుసు. మార్తవ్వ నన్ను చూసి తలుపు పెట్టుకుంటది. బావ మొహం తిప్పుకుంటడు."

"తిప్పుకుంటడు. నేను గూడ తిప్పుకున్న. ఇప్పుడు గూడ ఎనుక తలుపే తీసిన, ముందు తలుపు తియ్యలే. యాదుంచుకో."

"రజని నెల్లికుదురు పోయిందక్కా, తల్లిగారింటికి. పిల్లతోటి బళ్లె ఎవరు ఆడుతలేరని."

"మంచిదాయె. అక్కడన్న ఆడుకుంటది."

"ఇక్కడ గూడ ఆడుతరు. వాడు గుండంల దుంకినంక అందరు అయ్యో అంటరు. మా వాడే అంటరు. టెంటు కాడ ఫోటో పెడ్తరు, దండేస్తరు. అప్పుడు రూతుతోటి అందరు ఆడుతరు."

"ఎవరితోటి?"

"...గండయ్య బిడ్డతోటి."

"గండయ్య బిడ్డ పేరు రూతా? యోసేపూ, నీ సంచిల ఏందిరా?"

"గాసునూనె. స్టవ్వుల పోద్దామని."

"రజని లేదు, పిల్ల లేదు. ఎవరికి వండుతవ్? నా దిక్కు చూడు. టెంటు కాడికి పోతున్నవా?"

"పోతె పోత."

"థూ నీ బతుకు. ఎంత సోమరి లెక్కరా ఇది. అంత మందిని ముంచి, ఒక్క అగ్గిపుల్లతోటి బాకీ తీరిపోవాల్నా నీకు?"

"ఎట్ల తీరుతదో నువ్వే చెప్పు మరి. వాకిట్ల నిలబడితె ఉమ్ముతున్రు. చర్చికి పోతె పక్కకు జరుగుతున్రు. నువ్వు గూడ..."

"నాకు భయమైతున్నదిరా. కోపం గాదు, భయం. ఎంతమంది పిల్లలు ఒంటికి అగ్గి పెట్టుకొని పోయిన్రు ఇప్పటికే. మైకు పట్టినోళ్లు దండేసిన్రు, జిందాబాద్ అన్నరు, బండెక్కి పోయిన్రు. తల్లులు గా ఇండ్లల్ల గట్లనే కూసున్నరు. ఒక్క రాయన్న మనిషయిందా? చెప్పు, ఒక్కటన్న అయిందా?"

"సీరియల్ల అయితదంటున్రు."

"నీ సీరియల్ల మన్ను వొయ్య. అయినా నీ గండయ్య దుంకలే."

"దుంకలేదా? నీకెట్ల తెలుసు?"

"మొన్న రాత్రి బువ్వ తీసుకొని దవాఖానకు పోయిన, మార్తవ్వ జరమొచ్చి పండుకున్నది గదా. అక్కడ జనరేటర్ ఉంటది. నర్సులు టీవీ పెట్టిన్రు."

"ఆఖరి భాగమా? చూసినవా నువ్వు?"

"చూసిన."

"దుంకలేదా?"

"గుండం దాక పోయిండు. ఇగ దుంకుతడనంగ యువరాణి అన్నది, ఏడిసినవ్ తియ్యి, ముందుగల్ల ఆ బిందె వట్టుకో అని."

"యువరాణి గట్లన్నదా?"

"పుస్తకం తీరే అన్నది. నేను మన తీరు చెప్తున్న. రోజూ రాళ్ల మీద నీళ్లు పొయ్యాలె. పోస్తె పోస్తె ఒక్క రాయి మనిషైతది. లేవంగనే వాడు చేసే మొదటి పని గండయ్య మొహం మీద ఉమ్ముడు."

"అయ్యో."

"ఉమ్మినా పోయి ఇంకో బిందె తేవాలె."

"అందరు మనుషులయిన్రా?"

"సగం గూడ గాలే. గక్కడనే అయిపోయింది."

"యువరాణి ఏడ్వలేదా?"

"ఏడ్వనీకి తీరిక యాడిది? ఆమె గూడ మోస్తున్నది."

"...గిట్ల ఎవరు అనుకోలేదక్కా. కిష్టయ్య గూడ అనుకోలే."

"బోరింగు కాడ నిలబడి ఇంకోని సావుకు లెక్క కట్టెటోళ్లకు బతుకు లెక్క తెలుస్తదా? సంచి ఇటియ్యి. ఇయ్యి అంటున్న గదా. ఎనుక తొట్టిల నీళ్లున్నయి, మొహం కడుక్కో. కడుక్కొని ముందు తలుపు నుంచి రా."

"ముందు తలుపా?"

"చెవులున్నయి అన్నవ్ గదా. పో."

"సాలమ్మా, ఉన్నవా బిడ్డా? దవాఖాన నుంచి పంపిచ్చిన్రు. ఇగో నీ బువ్వ గిన్నె."

"రా మార్తవ్వా. జరం తగ్గిందా?"

"తగ్గింది. నువ్వు మొన్న గిన్నె పెట్టి ఎంబడే వచ్చినవ్, ఆఖరు చూడకపోతివి. ఏం చెప్పాలె, గండయ్య దుంకిండు. బూడిదయిండు పాపం. నర్సులంత ఏడ్సిన్రు. ఎంత తిట్టుకున్నమో వాణ్ని, నాకు గూడ..."

"మెల్లగ మాట్లాడు అవ్వా."

"ఎందుకు? ఏంది గాసునూనె వాసన? ఎవరిదా సంచి?"

"నా తమ్మునిది."

"వాడు ఇంట్లున్నడా? ద్రోహిని ఇంట్లకు రానిచ్చినవా? మీ ఆయనకు తెలుసా?"

"మొహం కడుక్కుంటుండు. టెంటు కాడికి పోతుండె, ఆ సంచి తీసుకొని. సమజైందా?"

"...యేసయ్యా."

"గండయ్య బత్కిండని చెప్పిన వానికి. బత్కి, రాళ్ల మీద నీళ్లు పోస్తున్నడని. వాడు నిన్నడుగుతడు అవ్వా. దవాఖానల ఉన్నది నువ్వే గదా."

"నేను వానితోటి మాట్లాడ. టెంటు కింద బైబిలు మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టిన. నా కొడుకు ఈపు చూసినవా నువ్వు? ఇంక పుండు మానలే."

"చూసిన. పసుపు నేనే పెట్టిన."

"కరెంటొస్తె అదే మల్ల ఏస్తరు. అప్పుడేం చేస్తవ్?"

"కరెంటొచ్చేదాంక వాడు బత్కితె సాలు."

"అక్కా, మొహం కడుక్కు... మార్తవ్వా. దండాలు. నువ్వు దవాఖానల చూసినవంట గదా, ఆఖరి భాగం. అక్క చెప్పింది నిజమేనా? గండయ్య బత్కిండా?"

"..."

"మాట్లాడవు గదా. మర్శిన. మాఫ్ చెయ్యి. నేను పోత."

"ఆగురా. బత్కిండు. సిగ్గులేనోడు, బత్కి నీళ్లు మోస్తుండు. గట్ల నిలబడి చూస్తవేంది? నా బిందె వాకిట్లున్నది, లింగన్నకు తానం పొయ్యాలె, బోరింగు కాడికి పో."