తలుపేసింది నేను

“మామ్మా, కాలేజీలో వరద కథలు పోల్చి రాయమన్నారు. మనువు నావలో ఆడమనిషే లేదు. నోవహు పెళ్లానికీ, బాబిలోను కథలో పెళ్లానికీ పేర్లే లేవు. అన్యాయం కాదూ?”

పేరు లేదా? అది దాని మంచికేనే. ఆ పోను పెట్టు, రికార్డవుతాదా? సరే.

మనువు కథలో సేప కొమ్ముకి తాడు కట్టి నావ లాగించినారన్నావు, బాగున్నాది. మరి నోవహు ఓడకి తలుపెవరేసినారన్నావూ? దేవుడే ఏసినాడా! సూడు, ఆ పెళ్లాం ఎంత అదృష్టవంతురాలో. మా నావకి తలుపు నేనేసినాను.

నావకి తలుపేటని నవ్వకు. తుపానుకి సముద్రం మా ఊరు భావనపాడు ఇళ్లల్లోకొచ్చేసింది. అప్పటికి మీ నాన్న నా ఒళ్లో పాలు తాగతన్నాడు... కాదు కాదు, మీ పెద్దత్త. మీ తాత నావని ఈదిలోకే తెచ్చినాడు. అందరం ఎక్కినాం. ఆఖర్న మా తోడికోడలు పోలమ్మ. దానికి ముందురోజే నెలసరొచ్చింది. బయటున్న ఆడది ముట్టుకుంటే నావకి సేపలు పడవని మావోళ్ల పట్టు, తెలుసు కదా. ఆ సంగతి మగాళ్లకెవరికీ తెలీదు. నీళ్లు నడుంకాడికొస్తే ఎవుడడుగుతాడు? మీ తాత సెయ్యి సాపినాడు, అది ఒక కాలు పైకెట్టింది.

“అది బయటున్నాది, ఎక్కించకండి” అన్నాను.

నేనే. నోరారా. మీ తాత సెయ్యి ఎనక్కి తీసేసుకున్నాడు. మళ్లీ వస్తామన్నారు, రాలేకపోయినారు. నీళ్లు తీసీదాకా అది కొబ్బరిసెట్టుని కావలించుకునే ఉన్నాది. బతికింది గానీ, అరిచేతుల మీద సర్మం లేదు.

ఆ కట్టుబాటు మగోళ్లు పెట్టిందే అంటావు. పెడితే పెట్టినారు, కాపలా కాసింది నేను కదే! ఇంతా సేస్తే ఆ నావ మూడోనాడు రాళ్లకి కొట్టుకుని సెక్కలైపోయింది.

అది నన్నేటీ అనలేదు. ఇప్పటికీ “అప్పా, టీ తాగినావా?” అని గ్లాసందిస్తాది. నేను గ్లాసే సూస్తాను. ఆ సెయ్యి సూడలేను.

ఏదీ, ఏటి రాసినావు? ‘ఒక ముసలామె’ అనా? కొట్టేయ్. నీ కథలోళ్లలాగ నన్ను దాసకు. ఎక్కనివ్వందాని పేరు అప్పలనరసమ్మ. కింద నిలబడిపోయిందాని పేరు పోలమ్మ. రెండూ రాయి.

నువ్వు సల్లగుండు తల్లీ. ఏ నావైనా, ఏ రోజైనా ఎక్కు. ఎక్కినాక ఒకపాలి ఎనక్కి తిరిగి సూడు. ఎవర్తైనా ఉంటే... సెయ్యి సాపు.