ఔతక్కుట్టి వాన గొట్టం

సుబైదా టీ కొట్టులో ఔతక్కుట్టి నోరు తెరిచాడంటే అందరి చాయ్ చల్లారాల్సిందే. ఆ రోజు మరీనూ. వారం కిందట ఏరు పొంగి అతని ఇంట్లోకొచ్చింది. ముందే కబురందబట్టి ముసలి తల్లిని భుజానేసుకుని గట్టెక్కాడు. అమ్మ బతికిందన్న సంతోషం పట్టలేక కోతలై పొర్లుతోంది.

"వాన కొలిచే గొట్టాలు ఊళ్లో చాలా ఇళ్లలో ఉన్నాయి, కాదన్నానా? నాది వేరు. ఆ పొద్దున నిండింది, పారబోశా, మళ్లీ నిండింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కింటి గొట్టాన్ని చూసి 'ఏమే, నువ్వింకా సగమేనా?' అంది!"

"అనే ఉంటుందిలే," అంది తంకమ్మ టీచర్, పరిప్పువడ తుంచుతూ. రోజూ అందరి గొట్టాల లెక్కలూ ఫోన్లో పోగేసి, ఎవరింటికి నీళ్లొస్తాయో చెప్పేది ఆవిడే.

"కొత్తగా ఎవరు గొట్టం పెట్టినా అది ముందు మా ఇంటికొచ్చి దణ్ణం పెట్టుకోవాలి టీచర్! మొన్న కొచ్చిలో మబ్బు పడితే ఇక్కడ నా గొట్టం తుమ్మింది. దుబాయిలో వాన కూడా దాన్నడిగే పడుతుంది!"

"అచ్చాయా, ఇంతకీ దాన్నెక్కడ పెట్టావు?" అడిగింది టీచర్.

"వసారాలో. అంత మంచి వస్తువు, వానకి తడిసి పాడైపోదూ?"

కొట్టంతా గొల్లుమంది.

"అందుకే నెలంతా నీ దగ్గర్నుంచి 'చుక్క లేదు' అనే వచ్చింది. నీ లెక్క పక్కనబెట్టి, చుట్టుపక్కల గొట్టాల్ని బట్టి మీ ఇంటి వాన నేనే అంచనా వేసుకుంటున్నా. ఏరు పొంగిన రోజు కుండపోత కొండమీదే. కిందున్న పాత గొట్టాలకి తెలీలేదు. సుబైదా అక్కడ కొత్తగా పెట్టిన గొట్టం ఒక్కటే గోల పెట్టింది. నిన్నగాక మొన్నొచ్చినదాన్ని నమ్మొచ్చా అనుకున్నా. వచ్చిన కాడ్నించీ దాని లెక్క పొరుగు గొట్టాల లెక్కతో సరిపోతూనే ఉంది కదాని నమ్మి, నీకు ఫోన్ చేశా."

ఔతక్కుట్టి సుబైదా వైపు తిరిగాడు. ఆమె తలెత్తకుండా చాయ్ వడపోస్తోంది.

"ఈ పొద్దున ఆవిరి మీద వండిన పుట్టు గట్టిగా ఉందని అమ్మ నన్ను తిట్టింది," అన్నాడు. "ఆ తిట్టు నువ్వు పెట్టిన భిక్షే చెల్లీ."

"భిక్షేంటి అచ్చాయా! నా ఇల్లు కొండమీదుంది గానీ, ఈ కొట్టు మీ ఇంటి దిగువనేగా, రేపు దీన్ని కాపాడాల్సింది నీ గొట్టమే. వెళ్లి ఆ గొట్టాన్ని కాస్త తడవనివ్వు."