జడలల్లిన చేతులు, తీగలు కలిపిన చేతులు

1969 మార్చి మూడవ తేదీన ఇబాదాన్ నగర టెలిఫోన్ కార్యాలయంలో తీగలను అతికి కలిపే కేబుల్ జాయింటరుగా చేరిన శ్రీమతి మొరెనికేజి అలాబి గారు, సుదీర్ఘమూ సార్థకమూ అయిన సేవానంతరం ఈ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు. అంతకు మునుపు వారి కార్యక్షేత్రం ఓజే బజారులో తల్లిగారి జడల కొట్టు. చూడకుండానే పాయలు తీసి అల్లుకుపోయే ఆ హస్తకౌశలమే వారికి ఈ ఉద్యోగాన్ని సంపాదించి పెట్టింది.

చేరిన కొత్తలో వారి వేగానికి కార్యాలయమంతా నోరు వెళ్లబెట్టింది. ప్రసూతి ఆసుపత్రికి వెళ్లే కేబులును కూడా వారికే అప్పగించారు. అయితే ఎడారి మీదుగా వీచే హర్మట్టన్ చలిగాలి మొదలుకాగానే తీగలు కుంచించుకుపోయి, వారు వేసిన జాయింట్లు పటపటా తెగిపోయాయి. ఆసుపత్రి ఫోను మూగబోయింది. పర్యవేక్షకులు అడెగోకే గారు మొహమాటపడే మనిషి కారు.

"ఇది నెత్తి కాదమ్మా, కేబులు! ఇంకొక్కసారి తెగిందంటే నీ దువ్వెన పట్టుకుని కొట్టుకు పోవడమే."

ఆ సాయంత్రం ఆమె కన్నీళ్లతో తల్లి ఎదుట కూర్చున్నారు.

"మీరు నేర్పినట్టే కుదుళ్ల దగ్గర గట్టిగా బిగించానమ్మా!"

"బిగించావు సరే. పిల్ల కెవ్వుమంటే వదులు చేస్తాం కదే! నీ తీగ అరుస్తుందా ఏమన్నా?"

కార్యాలయానికి వేళ్లను తెచ్చారు గానీ చెవులను కొట్టులోనే వదిలివచ్చారని వారికప్పుడు తెలిసింది. ఒక విద్యలోని ఒడుపు మరొక విద్యకు ఇట్టే వెంట వస్తుంది. ఎక్కడ ఆగాలన్న వివేకం మాత్రం పిలిస్తేనే వస్తుంది. నోరు లేని తీగ నొప్పిని తామే ఊహించుకుంటూ, ప్రతి జాయింటులోనూ కాస్త వదులు విడిచి, ఆ కేబులంతా మళ్లీ కలిపారు.

చలి బాగా ముదిరిన ఒక ఉదయం, అడెగోకే గారి ఎదుటే ఆసుపత్రికి ఫోను చేశారు.

"ఎవరమ్మా పొద్దున్నే? ఇక్కడ ఇద్దరు నొప్పులు పడుతున్నారు, పెట్టేయ్!" అని అవతల నర్సు కసిరింది.

ఆ కసురు విని మొరెనికేజి గారు వెక్కి వెక్కి ఏడ్చారు. అడెగోకే గారు తమ కుర్చీని ఆమెకు జరిపారు.

అటుపిమ్మట దర్జీలు గానీ, మద్దెలలు బిగించేవారు గానీ, ఎవరు కొత్తగా చేరినా మొరెనికేజి గారు అడిగేది ఒక్కటే: "పాత పనిలో నీ చెయ్యి ఎక్కడ ఆగేది నాయనా?" మాలో అనేకులకు పని వచ్చినది ఆ ప్రశ్నతోనే.

తొలి చలికే ఇంటికి పంపబడవలసిన ఆ సహోద్యోగిని, అన్ని చలికాలాలనూ దాటి, నేడు మేము వద్దంటున్నా తమంతట తాము ఇంటికి వెళ్తున్నారు. ఆ చేతులకు విశ్రాంతీ, ఆ ఇంటికి నవ్వులూ, వారికి నిండు నూరేళ్ల ఆరోగ్యమూ కలగాలని మనసారా కోరుకుంటున్నాము.