జీతాల కిటికీ

ఫ్యాక్టరీలో ఎప్పుడో వాడకం మానేసిన జీతాల కిటికీ ఊచల వెనక మిషన్ల మెకానిక్‌ని చూసేసరికి, జీతాలు వేసే ఆవిడ చేతిలో పని ఆపేసింది.

"ఏమయ్యా, తేడా వచ్చిందా? నీ ఆఖరి జీతమని ఒకటికి రెండుసార్లు సరిచూసి మరీ బ్యాంకులో వేశానే!"

"సరిగ్గానే పడిందండీ. ఫోను కుయ్యిమని ఊరుకుంది. మునుపు కవరు ఇచ్చేటప్పుడు పిలిచినట్టు ఒక్కసారి కేకెయ్యరూ?"

"బాగుంది! ఒకే పేరువాళ్ళు నలుగురున్నారని నీకా పేరు తగిలించాను. ఇప్పుడు నీ నెత్తిన వెతికినా వెంట్రుక లేదు. ఈ కొత్తపిల్లలు నవ్వరూ?"

"నవ్వనివ్వండి. జీతం రోజున గేటు దగ్గర నిలబడి వినీ వినీ, మా ఆవిడా నన్ను అలాగే పిలిచేది. ఆవిడ పోయాక ఆ పిలుపే చెవిన పడలేదు."

ఆవిడ లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ఆ రోజుల్లోలాగే కేకేసింది.

"చింపిరిజుట్టూ! ఎక్కడయ్యా, చింపిరిజుట్టూ!"

కంప్యూటర్ల ముందున్న పిల్లలు గొల్లున నవ్వారు. ఆయన మాత్రం కిటికీ వదిలి, ఎవరూ లేని గేటు వైపు తిరిగాడు.

"వస్తున్నానే," అన్నాడు.