మేకుకు తగిలించిన రొట్టె

రా మస్తూరా, ఇలా దగ్గరికొచ్చి కూర్చో. పక్కింటిదానివి, గుమ్మంలో ఆ నసుగుడేమిటి? టీ పోస్తాను, విను.

లంచమా! నేనా! మర్గిలాన్‌లో మన పేటంతా ఇదే మాటట కదా. అన్నీ మూళ్ళే వచ్చిన పిల్లకి ఫార్మసీ కాలేజీలో సీటెలా వచ్చిందని. ఏమిచ్చుంటానమ్మా, ఆ కుంటి టర్కీ కోడినా?

నిజమే, మా మనవరాలు జుల్‌హుమార్‌కి మార్కుల్లేవు. అన్నిట్లో ఐదుకి మూడు. కెమిస్ట్రీలో ఆ మూడూ మాస్టారు జాలిపడి వేసిందే. అయినా ఫెర్గానా వెళ్ళి ఇంటర్వ్యూలో అడుగుతానంది.

ఆ పొద్దున బిస్మిల్లా అని, తందూరులోంచి తీసిన రొట్టె నోటికందించాను. ఒక్క ముక్క కొరికింది. మిగతాది మేకుకు తగిలించాను. ప్రయాణం వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి అదే తినాలి, అందాకా ఇంకెవరూ ముట్టరు కదా.

అది వెళ్ళాక చూస్తే పంటి గాటు చిన్నదిగా ఉంది. ఇంత కొరుకుడు నాలుగేళ్ళ చదువుకి చాలుతుందా? రొట్టె తలగుడ్డలో చుట్టుకుని దొరికిన కారెక్కేశాను.

కాలేజీ మెట్ల దగ్గర మోకాళ్ళు లాగితే సంచీలోంచి ఓ తెల్ల బిళ్ళ తీసి మింగి, తలుపు తోసుకుని వెళ్ళాను. లోపల ముగ్గురు పెద్దలు, ఎదురుగా జుల్‌హుమార్. కళ్ళద్దాలావిడ మా పిల్ల మార్కుల కాగితం అప్పుడే పక్కన పెడుతోంది.

"ఆగండమ్మా, ముందు రొట్టె!" అన్నాను.

ఒట్టు మస్తూరా, ముగ్గురూ లేచి కాగితాలు జరిపి రొట్టెకి చోటిచ్చారు! "నువ్వులు బాగా వేశారండీ" అన్నాడొకాయన.

అంతలో కళ్ళు తిరిగాయి. "జుల్‌హుమార్, బీపీ బిళ్ళ ఇవ్వు" అన్నాను.

"ఇవ్వను" అంది.

అంతమంది పెద్దల ముందు!

"పొద్దున నా చేత్తోనే ఒకటిచ్చాను నానమ్మా. ఇంకోటి వేస్తే ఇక్కడే పడిపోతారు. దారిలో ఏం మింగారు? నిజం చెప్పండి."

నా సంచీ బోర్లించింది. నేను దాచుకున్న హల్వా డబ్బా బయటపడింది. అందులో నువ్విచ్చిన తెల్లవి, ఇంకెవరో ఇచ్చిన ఎర్రవి, రంగు బాగుందని నేను అడిగి తెచ్చుకున్న పచ్చవి.

"ఇవి మీవి కావు. వీటికి గడువు తీరి మూడేళ్ళయింది. ఇవా... ఇవి మేకలకిచ్చే పురుగుల మందు నానమ్మా!"

అవును మస్తూరా, నువ్విచ్చిన ఆ తెల్లవే. మోకాళ్ళకి ఇంతకు మించింది లేదన్నావే!

నన్ను ఆ బల్ల మీదే, రొట్టె పక్కన పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టింది. నాడి చూసింది. నువ్వుల గురించి మాట్లాడినాయన మెల్లగా తన జేబులోని మాత్రలు తీసి దాని ముందు పెట్టాడు!

కళ్ళద్దాలావిడ మాత్రం నవ్వలేదు. "కెమిస్ట్రీ మేం నేర్పుకుంటాం. సొంతవాళ్ళకి 'ఇవ్వను' అని చెప్పడమే ఎవరికీ నేర్పలేకపోతున్నాం" అంది. ఆరు నెలల్లో కెమిస్ట్రీ గట్టెక్కాలని షరతు పెట్టి చేర్చుకుంది. ఇదీ నా లంచం.

ఇంకో మాట. అల్లా దగ్గర దాగనిది నీ దగ్గర దాచడమెందుకు? పంటి గాటు చిన్నదేం కాదు. ఆ పొద్దున అది వెళ్ళాక కూడా అలవాటుగా రెండు పియాలాల్లో టీ పోశాను. రెండోది ఎవరికి? దాని అమ్మా నాన్నా పోయినప్పటినుంచీ ఈ ఇంట్లో మేమిద్దరమే కదా. ఆ రొట్టె మొత్తం అక్కడే తినిపించేస్తే ప్రయాణం ముగిసినట్టే, ఇంటికొచ్చేస్తుందనుకున్నాను. సీటు రాకూడదని దారంతా దువా చేశాను మస్తూరా. ఆయన విన్నాడు, నా చేతనే సీటిప్పించాడు.

"ఆ రొట్టె మళ్ళీ అదే మేకుకు తగిలించండి నానమ్మా" అంది, కాలేజీకి బయల్దేరుతూ జుల్‌హుమార్. తగిలించాను. అదిగో, రాయిలా ఎండిపోయింది.

నీ కూతురికీ మూళ్ళేనా? అయితే ఒక్కటి గుర్తుపెట్టుకో, పేటంతా చెప్పు: కళ్ళు తిరుగుతున్న నానమ్మ చెయ్యి చాస్తే, ఆ మూడు మార్కుల పిల్ల 'ఇవ్వను' అంది. రేపు నిన్నెవరైనా బిళ్ళ అడిగితే నువ్వూ ఆ మాటే అను.

తాగు, చల్లారిపోతోంది. ఆ రెండో పియాలా రోజూ పోసేస్తూనే ఉన్నాను, ఏం చెయ్యను?

ఇంద, నీ మేక బిళ్ళలు.